నీ టర్న్, లిఫ్టాయనా

జూన్ 9, సాయంత్రం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. తూనీగ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. ఊరెళ్ళేముందు ఆట నేర్పుతూ పావుగంటలో వంద సంగతులు చెప్పింది. అన్నిటికీ సరే సరే అన్నాను. చివర్లో ఒక్క ప్రశ్న అడిగితే తెల్లమొహం వేశాను. నీకు రేపటికి ఒక్క ముక్కా గుర్తుండదు లిఫ్టాయనా, టిప్స్ ఎక్కడైనా రాసుకో అంది. కంపెనీ ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది. అట్ట మీద లిఫ్ట్ బొమ్మ. పగలంతా లిఫ్టులతో చస్తున్నది చాలదన్నట్టు.

తూనీగ మా ఆవిడ కూతురు. నా కూతురు అని రాయబోయి ఆగాను. మా పెళ్ళికి ముందు పుట్టిన పిల్ల. ఈ ఇంటికి వచ్చేటప్పటికి ఆరేళ్ళు, ఇప్పుడు పదహారు. ఒక్కచోట నిలవదని తూనీగ అని పిలవడం మొదలుపెట్టాను. వాళ్ళమ్మ పెళ్ళికి ముందు ఎవరితోనో ఫోన్లో నా గురించి లిఫ్టాయన, లిఫ్టాయన అంటుంటే విని, అదే నా పేరనుకుంది. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి కాబట్టి తప్పేం లేదు. పదేళ్ళయినా మార్చలేదు, నేనూ మార్చమనలేదు.

మార్చిలో మా ఆవిడ పోయింది. మే నెలాఖరున వాళ్ళ నాన్న వచ్చి పిల్లను తమ ఊరికి తీసుకెళ్ళాడు. కన్నతండ్రి. కాగితం మీద నేను ఆ పిల్లకి ఎవరినీ కాను. మనిషి మంచివాడే. వెళ్ళేముందు నన్ను బాల్కనీలోకి పిలిచి, ఏమీ అనుకోకండి, కొన్నాళ్ళు ఫోన్ చేయకండి, మీ గొంతు వింటే మళ్ళీ మొదటికొస్తుంది, కాస్త అలవాటు పడనివ్వండి అన్నాడు. సరేనని మాటిచ్చాను. ఆట గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఆట ఫోన్ కాదు కదా.

తన పాత టాబ్లెట్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. ఇవాళ అది టింగుమంది. తెర మీద నీ టర్న్ అని పడింది.

రూల్స్ గుర్తున్నంతవరకు: ఒక టర్న్ తను, ఒక టర్న్ నేను. ఎవరి ఊళ్ళు వాళ్ళు కట్టుకోవాలి, పొలాలు వేసుకోవాలి, రాతికాలం నుంచి రాకెట్ల దాకా దేశాన్ని ఈడ్చుకురావాలి. ఎవరైనా వారం రోజులు ఆడకపోతే వాళ్ళ సీట్లో కంప్యూటర్ కూర్చుని ఆడేస్తుంది. మనిషి తిరిగొస్తే లేచి సీటు ఇచ్చేస్తుంది. ఆటలో మాట్లాడుకునే చోటు లేదు. ఇది ఇస్తావా, అది తీసుకుంటావా అని బేరాలు పంపుకోవచ్చు, అంతే.

మొదటి చూపుకి కనిపించింది ఒక్కటే, మబ్బు. మధ్యలో చాపంత పచ్చటి నేల. దాని మీద సెట్లర్లు అనే జనం ఒక గుంపు, దుడ్డుకర్ర పట్టుకున్నవాడొకడు. ఈ మబ్బులో తూనీగ ఎటువైపు ఉందో తెలియదు.

జూన్ 10

సెట్లర్లు అంటే ఊరు కట్టే జనం. నిలబడ్డచోట కట్టమని బటన్ వెలుగుతోంది. స్థలం నచ్చలేదు. రెండు గడులు తూర్పుకి జరిపాను.

జూన్ 13

ఇంకా చూస్తున్నాను. కొత్త లిఫ్ట్ బిగించేటప్పుడు ముందు షాఫ్ట్ పైనుంచి కిందిదాకా తూకపు దారం వేలాడదీసి చూస్తాం. వేలెడు వాలు ఉన్నా తర్వాత జీవితాంతం ఏడవాలి. అలాంటిది దేశం రాజధాని కళ్ళు మూసుకుని కట్టేయమంటే ఎలా?

జూన్ 17, మధ్యాహ్నం

బీపీ మాత్రలకి కిందికి దిగాను. మా బిల్డింగ్ లిఫ్ట్ పాడైంది. కాంట్రాక్టు వేరే కంపెనీది, నేను చెయ్యి పెట్టకూడదు. లిఫ్ట్ మెకానిక్ అయిదు అంతస్తులు మెట్లెక్కడం చూసి అందరికీ భలే కాలక్షేపం.

మందుల షాపావిడ కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని ఏదో ఆడుతోంది. తొంగిచూస్తే అదే ఆట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నేళ్ళుగానో ఆడుతోందట. నా ఆట సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి, ఇంకా ఊరే కట్టలేదా అన్నయ్యగారూ, ఇన్ని టర్న్‌లు గాల్లో కలిపేశారా, మీరు రాజ్యం ఏలడానికి వచ్చారా షికారుకి వచ్చారా అంది. నేను తూకపు దారం గురించి చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

ఆవిడ టిప్స్: సెట్లర్లని తిప్పొద్దు. నీళ్ళ పక్కన దించు. మొదట స్కౌట్‌ని తయారుచెయ్యి, మబ్బు విడిపోయేది వాడివల్లే. తర్వాత ధాన్యం కొట్టు. తర్వాత గోడ. పొద్దున ఒకటి, రాత్రి భోజనం అయ్యాక ఒకటి అన్నట్టే చెప్పింది.

జూన్ 18

కట్టాను. నది ఒడ్డున. పేరు ఏం పెడతావని ఆట అడిగింది. మెషిన్ రూమ్ అని పెట్టాను, లిఫ్ట్ మోటారు ఉండే గది పేరు. పన్నెండు గుడిసెలు, ఒక మేక. నా జన్మలో నేను కట్టిన మొదటి ఊరు.

జూన్ 24

దొంగల గుంపు వచ్చి నా పనివాణ్ణి ఎత్తుకుపోయింది. పొలం దున్నడానికి పంపి పక్కన కాపలా పెట్టలేదు. టిప్: మనిషిని ఒంటరిగా పంపకు.

జూలై 2, పొద్దున

ఇప్పుడొక పద్ధతి కుదిరింది. సాయంత్రం తను స్కూల్ నుంచి వచ్చాక ఆడుతుంది కాబోలు, నేను ఇంటికి చేరే వేళకి టింగుమంటుంది. వెంటనే ఆడను. స్నానం చేసి, వండుకుని, తిని, గిన్నెలు కడిగి, అంతా అయ్యాక టాబ్లెట్ ముందు కూర్చుంటాను. తెర మీద ఒక చెట్టు నరికినా, ఒక నాగలి కదిలినా చూస్తాను. పొద్దున పనికి వెళ్ళేముందు నా టర్న్ పంపుతాను. రోజుకి ఒకటి. ఆ ఒక్కటీ చాలు.

ఒక్కడికి వండటం ఇంకా చేతకావడం లేదు. ఎంత తగ్గించి వేసినా ముగ్గురికి అవుతోంది. రెండు పూటలా అదే తింటున్నాను.

జూలై 8

నా స్కౌట్ ఇవాళ కొండ దాటాడు. మబ్బు విడిపోయింది. అవతల ఊదారంగు సరిహద్దు. తూనీగ రంగు. నా పక్కదేశమే తనది, ఇన్నాళ్ళూ తెలియలేదు.

మూడు ఊళ్ళు కనిపించాయి. ఒకదాని పేరు బాల్కనీ. నది పక్కన ఉన్నదాని పేరు వంటింటి కిటికీ. ఇసుకలో, దూరంగా, పనికిమాలిన చోట చిన్న ఊరొకటి ఉంది. దాని పేరు చెప్పుల స్టాండ్. నేను గట్టిగా నవ్వాను. ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్ళయిందో. మళ్ళీ వెంటనే నోరు మూసుకున్నాను, అలవాటు తప్పిపోయింది.

జూలై 9

రాజధాని కనిపించింది. దాని పేరు అమ్మ కుర్చీ.

హాల్లో కిటికీ పక్కన మా ఆవిడ పేము కుర్చీ అలాగే ఉంది. మార్చి నుంచి దాన్లో నేనూ కూర్చోలేదు, తూనీగా కూర్చోలేదు. తుడిచేటప్పుడు కూడా చుట్టూ తుడుస్తాను. అక్కడ ఆటలో ఆ పిల్ల ఆ కుర్చీ చుట్టూ మూడు వరసల గోడ కట్టింది. ఇల్లంతా ఎత్తుకుపోయి అక్కడ కట్టుకుంది. ఏడ్చాను. రాయడానికేం, ఎవరు చూస్తారు.

జూలై 16, మధ్యాహ్నం

కొత్త సంగతి. తూనీగ దేశపు రాణి బొమ్మ తెర మీదికి వచ్చి తల వంచింది. కింద ఓపెన్ బోర్డర్స్ అని రాసుంది. సరిహద్దు తెరిస్తే ఆమె జనం నా దేశంలోకి రావచ్చునట. పక్కనే రెండు బటన్లు, ఒప్పుకుంటాను, ఒప్పుకోను.

అర్థం కాని బటన్ నొక్కకూడదన్నది నా వృత్తి నేర్పిన మొదటి పాఠం. భోజనాల వేళ షాపుకి వెళ్ళి అడిగాను. మందుల షాపావిడ, అస్సలు ఇవ్వకండి అన్నయ్యగారూ, మొదటిసారి ఎవరడిగినా కాదనాలి, అప్పుడే మీ విలువ తెలుస్తుంది, తర్వాత బేరం అదే పెరుగుతుంది అంది. పైగా ఒకసారి తలుపు తీశామా, వాళ్ళ సైన్యం తిన్నగా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుందట.

ఒప్పుకోను అని నొక్కాను. కాస్త గర్వంగానే అనిపించింది. లిఫ్టాయన ఆట నేర్చేసుకున్నాడే అని అక్కడ తూనీగ మూతి తిప్పుకుంటుంది అనుకున్నాను.

జూలై 19

మళ్ళీ అడిగింది. ఈసారి సరిహద్దు తెరిస్తే ఏనుగు దంతం ఇస్తానంది. మందుల షాపావిడ మాట అక్షరాలా నిజమైంది. చూశారా, నేను చెప్పలేదూ, ఇంకా ఆగండి అంది. ఆగాను.

జూలై 21, పొద్దున

మూడోసారి. దంతం లేదు, ఏమీ లేదు. ఉత్త అడగడమే. వేలు బటన్ మీద కాసేపు ఆగింది. ఇచ్చేద్దామా అనుకున్నాను. కానీ నిన్న షాపులో ఆవిడ చెప్పిందేమంటే, ఈసారి ఉత్తినే అడిగారంటే ఏదో ఎత్తు వేస్తున్నారని లెక్క. నాకు తూనీగ ఎత్తులన్నీ తెలుసు, చిన్నప్పుడు నిద్రపోయినట్టు నటించి సోఫా మీంచి మోయించుకునేది. నవ్వుకుని, ఒప్పుకోను అని నొక్కి పనికి వెళ్ళిపోయాను.

జూలై 22

టింగుమనలేదు.

జూలై 24

లేదు. పరీక్షలేమో.

జూలై 26

టాబ్లెట్ చార్జింగ్ చూశాను. నిండుగానే ఉంది. వాల్యూమ్ చూశాను. అది కూడా నిండుగానే ఉంది.

జూలై 27, సాయంత్రం

ఇవాళ ఒక ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ. మనం వెళ్ళగానే చేసే మొదటి పని టూల్ బ్యాగ్ తెరవడం కాదు. తలుపుకి నోరు ఆనించి మాట్లాడటం. నేనొచ్చానమ్మా, లోపల గాలి బాగా ఆడుతుంది, భయం లేదు, కింద కూర్చోండి. ఇంకేం తోచకపోతే చేస్తున్న పనే చెబుతూ ఉండాలి. ఇప్పుడు పైకి వెళ్తున్నాను, ఇప్పుడు బ్రేక్ వదులుతున్నాను, కొంచెం కదులుతుంది, కంగారుపడకండి. నాకు పని నేర్పిన పెద్దమెకానిక్ పని ఆలస్యమైతే తిట్టేవాడు కాదు, మాట ఆపితే మాత్రం తిట్టేవాడు. లోపలున్నవాళ్ళకి మనం వెళ్ళిపోయామని అనిపించకూడదట.

ఆవిడ బయటికి వచ్చి మీ గొంతు వింటూ ఉన్నాను, అందుకే ఏడవలేదు అంది. నమస్కారం పెట్టింది. నేను ఇంటికొచ్చాను. పగలంతా తలుపులకి అవతలివాళ్ళతో మాట్లాడే మనిషిని, ఇంట్లో నాతో మాట్లాడేదొక టాబ్లెట్, అది కూడా మూగబోయింది. ఈ ఆట ఆగిపోతే తూనీగకీ నాకూ మధ్య ఇంకేమీ లేదు. అదీ నా భయం. రాసేశాను.

జూలై 28, సాయంత్రం

టింగుమంది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. తూనీగ ఆడింది.

ఆగలేక నేను వెంటనే ఆడి పంపాను. మంచినీళ్ళు తాగి వచ్చేలోపు మళ్ళీ టింగుమంది. అంటే అక్కడ ఆ పిల్ల టాబ్లెట్ ముందే కూర్చుని ఉంది. ఇటు నేను, అటు తను. మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. గరిటె ఏం చేశానో, పొయ్యి మీద ఏముందో తెలియదు. మాడు వాసన వచ్చాక గుర్తొచ్చింది.

జూలై 31

రోజుకి ఒకటి అన్న మాటే లేదు. నేను పంపడం తరువాయి, నిమిషంలో వచ్చేస్తుంది. ఎప్పుడు కూర్చున్నా తను అక్కడ ఉంటుంది. పొద్దున కాఫీ తాగుతూ అయిదారు, సాయంత్రం ఇంకా ఎక్కువ. సెలవులు ఇచ్చి ఉంటారు.

ఆగస్టు 3

తూనీగ కొత్త ఊరు కట్టింది. ఈసారి ఇంట్లో గదుల పేరు కాదు, నోరు తిరగని పొడుగాటి పేరు. హిస్టరీ పాఠంలోది అయుంటుంది. నా సైన్యాన్ని చూస్తే నవ్వొస్తోందని రాణి చేత చెప్పించింది. ఆటలో మాటల్లేవనుకున్నాను, రాణి చేత ఇలా అనిపించవచ్చు కాబోలు. నేను షేవింగ్ చేసుకున్నప్పుడల్లా కూడా ఇలాగే అనేది. టిప్: వేటకాళ్ళని విలుకాళ్ళుగా మార్చుకోవాలి, వెక్కిరింపులు తగ్గుతాయి.

ఆగస్టు 8

మా సూపర్‌వైజర్ ఇవాళ నన్ను ఎగాదిగా చూసి, ఈమధ్య నీ మొహంలో కళ వచ్చింది, ఏంటి కథ అన్నాడు. మా అమ్మాయితో ఆట ఆడుతున్నానండీ అన్నాను. నోటివెంట అలాగే వచ్చేసింది, మా అమ్మాయి అని. నేను దాన్ని రోజంతా చప్పరించుకున్నాను.

ఆగస్టు 12, మధ్యాహ్నం

మాత్రలు అయిపోయాయి. టాబ్లెట్ చంకలో పెట్టుకుని దిగాను, మందుల షాపావిడకి నా దేశం చూపిద్దామని. ఏడు ఊళ్ళు, రెండు ఓడలు, ఒక గ్రంథాలయం. ఆవిడ మెచ్చుకుంది. మా అమ్మాయి ఇప్పుడు ఎంత చురుగ్గా ఆడుతోందో చూడండి అని ఒక టర్న్ పంపాను. ఆవిడ మాత్రల అట్ట కత్తిరించడం పూర్తికాకముందే టింగుమంది.

ఆవిడ కత్తెర కింద పెట్టింది. మళ్ళీ పంపండి అంది. పంపాను, వచ్చింది. తెరని తన వైపు తిప్పుకుని, తూనీగ రాణి బొమ్మ పక్కనున్న చిన్న గేరు బొమ్మ చూపించి, ఇది ఎప్పటినుంచి ఉంది అని అడిగింది. నాకు తెలియదు. చూశాను గానీ పట్టించుకోలేదు. గేర్లు చూసి చూసి బతికినవాణ్ణి, గేరు కనిపిస్తే నాకేం వింత.

ఆవిడ మాత్రలు సంచిలో వేసి ఇచ్చింది. తర్వాత మెల్లగా, మనిషి ఆడితే ఇంత తొందరగా రాదు అన్నయ్యగారూ, మనిషన్నాక ఆలోచించాలి, అన్నం తినాలి, నిద్రపోవాలి, ఇది కంప్యూటర్ అంది.

ఆగస్టు 12, సాయంత్రం

పదిహేను రోజులుగా నేను యంత్రంతో ఆడుతున్నాను. దాని వెక్కిరింపుకి మురిసిపోయాను. అమ్మ కుర్చీలో కూర్చున్నది యంత్రం.

తూనీగ ఆట వదిలేసింది. నేను మూడోసారి ఒప్పుకోను అన్న రోజు నుంచి మళ్ళీ రాలేదు. ఎందుకో తెలియదు. టాబ్లెట్ ఆపేశాను.

ఆగస్టు 13

పనికి వెళ్ళాను. వచ్చాను.

ఆగస్టు 14, సాయంత్రం

ఫోన్ చేశాను. ఇచ్చిన మాట తప్పాను. ఇవాళ ఒక ఇంటి లిఫ్ట్‌లో పిల్లవాడు ఇరుక్కుంటే తలుపు దగ్గర నిలబడి మాట్లాడాను. ఊరివాళ్ళ పిల్లలకి ఇంత చెబుతాను, తూనీగకి మాత్రం గొంతు వినిపించకుండా ఉంటానని ఎలా ఒప్పుకున్నాను? లోపలున్న పిల్లకి వెళ్ళిపోయాననే కదా అనిపిస్తుంది. పిల్లవాణ్ణి దించి, వాళ్ళ మెట్ల మీదే కూర్చుని ఫోన్ తీశాను.

వాళ్ళ నాన్న ఎత్తాడు. క్షమించండి, మాట తప్పుతున్నాను, తూనీగ ఎలా ఉంది అని అడిగాను. అతను, మీరు అడుగుతారని అనుకోలేదండీ అన్నాడు. నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. జూలై నెలాఖరున స్కూల్‌కి పదిరోజులు సెలవులు ఇచ్చారట. మీ లిఫ్టాయన సరేనంటే అక్కడికి వెళ్ళి ఉండు అని తనే తూనీగకి చెప్పాడట. ఫోన్ చేసి అడగమంటే, అక్కర్లేదు, మా పద్ధతిలో అడుగుతాను అందట. నాలుగైదు రోజులయ్యాక, అడిగాను, రావద్దన్నాడు, మూడుసార్లు అడిగాను అని చెప్పి గదిలోకి వెళ్ళిపోయిందట. అప్పటినుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదట. మిమ్మల్ని అడగడానికి నాకు మొహమాటమేసింది, మీ ఇబ్బందులు మీకుంటాయి కదా అన్నాడు. ఫోన్ చేయొద్దన్నది ఏదో మొదటి నెలరోజుల మాట, ఇన్నాళ్ళు పట్టుకుని కూర్చుంటారనుకోలేదు అని కూడా అన్నాడు.

తల వంచిన ఆ రాణి. ఏనుగు దంతం. మూడోసారి ఉత్త చేతులతో రావడం. ఇంటికి రానా అని ఆ పిల్ల అడిగితే, విలువ తెలియాలని నేను కాదన్నాను.

ఒకసారి పిలవండి అన్నాను. అతను వెళ్ళి తలుపు కొట్టాడు. పిలిచాడు. తీయలేదు. మాట్లాడదటండీ, పడుకుంది అన్నాడు. అప్పుడు నేను, ఫోన్ తలుపుకి దగ్గరగా పట్టుకోండి, గట్టిగా వినిపించేట్టు పెట్టండి అన్నాను. అతను వింతగా అనుకుని ఉంటాడు. పట్టుకున్నాడు.

ఏం తోచకపోతే చేస్తున్న పనే చెప్పాలి కదా. అదే చెప్పాను. తూనీగా, నేను లిఫ్టాయనని. ఎవరివో మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు వెళ్ళాక సెట్లర్లని వారం పైగా షికారు తిప్పాను, తిట్టించుకున్నాను. పనివాణ్ణి పోగొట్టుకున్నాను. నువ్వు అడిగింది నాకు బేరం అనుకున్నాను. మందుల షాపావిడ మొదట కాదనాలని చెప్పింది, నేను తెలివైనవాణ్ణనుకున్నాను. నిన్ను కాదనలేదు, ఆటలో ఎవరినో కాదన్నాననుకున్నాను. గేరు బొమ్మ ఉంటే కంప్యూటర్ అని నాకు తెలియదు. పదిహేను రోజులు అది నువ్వే అనుకుని ఆడాను, ఆ పదిహేను రోజులూ చాలా బాగున్నాను. నీ చెప్పుల స్టాండ్ చూసి నవ్వాను. అమ్మ కుర్చీ అలాగే ఉంది, చుట్టూ తుడుస్తున్నాను. నువ్వు రావాలంటే అడగక్కర్లేదు. ఎవరింటికి వాళ్ళు రావడానికి ఎవరైనా అడుగుతారా.

ఇంకా ఏవేవో చెప్పాను. మా బిల్డింగ్ లిఫ్ట్ ఇంకా బాగుపడలేదని కూడా చెప్పాను. చెప్పడం అయిపోయింది. వాళ్ళ నాన్న గొంతు వినిపించింది. గుసగుసగా, తలుపు తీయలేదండీ అన్నాడు. కానీ మీరు మొదలుపెట్టగానే లోపల ఫ్యాన్ ఆపింది అన్నాడు.

ఆగస్టు 16

యంత్రానికే నేను బేరం పంపాను. ఓపెన్ బోర్డర్స్. నాకు బదులు ఏమీ వద్దు. నిమిషంలో ఒప్పేసుకుంది.

కొండ పక్కన, తూనీగ సరిహద్దుకి ఆనుకుని నాకొక చిన్న ఊరు ఉంది. దాని పేరు మార్చాను. తలుపు తీసే ఉంది అని పెట్టాను. పేరు పొడుగైంది, ఆట సణుక్కుంటూ ఒప్పుకుంది.

ఆగస్టు 18

ఊదారంగు సైనికులు నా పొలాల్లో తిరుగుతున్నారు. ఎవరు చెబితే తిరుగుతున్నారో తెలుసు. అయినా పొమ్మనలేదు.

పొద్దున ఒక టర్న్, అంతే. వెనకటి పద్ధతికి వచ్చేశాను. పంపుతాను, నిమిషంలో టింగుమంటుంది. ఒకప్పుడు ఆ చప్పుడు కోసం చెవులు కోసుకునేవాణ్ణి, ఇప్పుడు అది వినపడగానే టాబ్లెట్ బోర్లించి పనికి వెళ్ళిపోతున్నాను.

ఆగస్టు 20, సాయంత్రం

జరిగిందంతా నిన్న షాపులో చెప్పాను, ఇవాళ మందుల షాపావిడే పైకి వచ్చింది. అయిదు అంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ. నీళ్ళిచ్చాను. పేము కుర్చీ వైపు చూసి, అడక్కుండానే దాన్ని వదిలి స్టూలు లాక్కుని కూర్చుంది. చాలాసేపు గ్లాసు తిప్పుతూ ఉంది. నేను ఆడేది ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అన్నయ్యా, అక్కడ ఎవరికి ఎవరూ ఏమీ కారు, అందుకే ఆ టిప్ నాకు పనికొచ్చింది, మీరు ఆడేది పాపతోనా అని నేను అడగలేదు అంది. గారు వదిలేసి ఉత్త అన్నయ్య అనడం అదే మొదటిసారి. మీరు చెప్పింది ఆట గురించి, విన్నవాడికి బుద్ధుండాలి అన్నాను. ఇక టిప్స్ ఇవ్వనంది. పోయేటప్పుడు మాత్రం, రోజూ ఆడటం ఆపకండి అని ఇంకొకటి ఇచ్చి వెళ్ళింది.

ఆగస్టు 23

నిమిషం.

ఆగస్టు 25

నిమిషం. వాళ్ళ నాన్నకి మెసేజ్ పెట్టాను. తింటోంది, స్కూల్‌కి వెళ్తోంది, ఇంకేమీ అనలేదు అని జవాబిచ్చాడు. బలవంతం చేయకండి అని రాశాను.

ఆగస్టు 27, సాయంత్రం

పొద్దున కాఫీ తాగుతూ టర్న్ పంపాను. కాఫీ అయిపోయింది, రాలేదు. చొక్కా వేసుకున్నాను, రాలేదు. టాబ్లెట్ చంకలో పెట్టుకుని పనికి వెళ్ళాను. రెండు లిఫ్టులు చూశాను, రాలేదు. భోజనం చేశాను, రాలేదు. మెట్లెక్కి ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రాణి బొమ్మ పక్కన గేరు లేదు.

వీధి దీపాలు వెలిగాయి. టర్న్ ఇంకా రాలేదు.